కూర్చుని వాయించే బ్యాండుకు నోట్స్: ఏం వాయించాలి, ఎక్కడ దొరుకుతాయి?

రుషికుల్య (బరంపురం)

అందరికీ నమస్కారం. మా పేటలో తెలుగు, ఒడియా కుర్రాళ్ళు కలిసి ఒక బ్యాండు నడుపుతున్నారు. చూసుకునేది నేను. ఆగస్టు 15, జనవరి 26 పరేడ్లు, వినాయకుడి ఊరేగింపు, అడపాదడపా పెళ్ళిళ్ళు, ఇన్నాళ్ళూ ఇదే మా పని. ఈసారి సంక్రాంతికి హాల్లో కుర్చీలు వేసుకుని, ముందు స్టాండ్లు పెట్టుకుని గంటసేపు కచేరీ చెయ్యాలని పిల్లల కోరిక. నాకు టెన్షన్ పట్టుకుంది. రోడ్డు మీద అందరూ కలిసి ఒకే ట్యూన్ ఎత్తుకుంటే గడిచిపోతుంది. హాల్లో అలా వాయిస్తే పది నిమిషాలకు జనం లేచిపోతారు.

మా దగ్గర ఉన్నవి: ఫ్లూటు 1, క్లారినెట్లు 4, ఆల్టో శాక్సులు 2, ట్రంపెట్లు 4, ఈ ఫ్లాట్ హార్నులు 2, ట్రాంబోన్లు 2, యుఫోనియం 1, ట్యూబా 1, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్, సింబల్స్. ఓబో, బసూన్, ఫ్రెంచ్ హార్న్ లేవు, వచ్చే ఆశా లేదు. సగం మందికి స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి) వచ్చు. మిగతావాళ్ళు విని పట్టేస్తారు.

నెట్‌లో కాన్సర్ట్ బ్యాండ్ అని వెతికితే కుప్పలు తెప్పలుగా పార్ట్‌లున్న స్కోర్లు వస్తున్నాయి. డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్ళ మాట విందామని అడుగుతున్నాను.

కొరాపుట్_కాఫీ (జయపురం)

హాల్లో అయినా రోడ్డు మీదయినా జనానికి కావలసింది సినిమా పాటే అన్నా. ఇంగ్లీషు సూట్లని, సింఫనీలని పెద్ద పెద్ద రచనలు పెడితే ముందు వరసలో మీ బంధువులే మిగుల్తారు. నాలుగు పాత తెలుగు పాటలు, నాలుగు ఒడియా పాటలు, చివర్న జనగణమన. అయిపోయింది.

పాతబాజా (పర్లాకిమిడి)

రుషికుల్య బాబూ, నేను ఫౌజు బ్యాండ్‌లో వాయించి రిటైరైనవాణ్ణి. పచ్‌మఢీ మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో నేర్చుకున్నాను. కాఫీ బాబు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయను గానీ, అసలు సంగతి పాటలు ఏవన్నది కాదు. ఎవరి దగ్గర ఏ వాయిద్యం ఉందో దాన్నిబట్టి నోట్స్ ఎంచుకోవాలి. మీరు జాబితా ఇచ్చారు, సంతోషం. చాలామంది అది ఇవ్వకుండానే ఏం వాయించమంటారని అడుగుతారు.

ముందు గ్రేడ్ చూడండి. అమెరికా పబ్లిషర్లు బ్యాండు నోట్స్‌కు 1 (తేలిక) నుంచి 6 (కష్టం) దాకా గ్రేడ్ వేస్తారు. మీ పిల్లలకు 2, బాగా సాధన చేస్తే 3. పరేడ్‌లో దుమ్ము లేపే కుర్రాడు కూడా కూర్చుని నెమ్మదిగా వాయించాల్సి వస్తే తడబడతాడు. మెల్లగా, సన్నగా, నిలకడగా ఊదడమే కష్టం.

రెండోది, ఫ్లెక్స్ బ్యాండ్ అని అమ్మే సెట్లు మీకు పనికొస్తాయి. పాటను నాలుగైదు పార్ట్‌లుగానే రాస్తారు. ఆ ఒక్కో పార్ట్‌నూ సీ, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ వాయిద్యాలకు (కాగితం మీద ఒకే స్వరం ఉన్నా ఇవి ఒక్కోటి ఒక్కో శ్రుతిలో పలుకుతాయి) విడివిడిగా అచ్చు వేసి ఇస్తారు. ప్రతి పార్ట్‌కూ ఒక్క మనిషి ఉన్నా పాట నిలబడుతుంది. ఓబో లేదన్న బెంగ ఉండదు.

మూడోది, పెద్ద రచనలంటే భయపడొద్దు. ఇంగ్లీషు స్వరకర్త గుస్టావ్ హోల్స్ట్ 1909లో మిలిటరీ బ్యాండ్ కోసం ఈ ఫ్లాట్‌లో ఫస్ట్ సూట్ రాశాడు. అప్పట్లో ఏ రెండు బ్యాండ్లలోనూ ఒకే వాయిద్యాలు ఉండేవి కావు. అందుకే చాలా పార్ట్‌ల మీద యాడ్ లిబ్ అని రాశాడు, అంటే ఉంటే వాయించండి, లేకపోతే వదిలేయండి అని. మొదటి భాగం షకోన్. ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) ట్యూన్ ట్యూబా, యుఫోనియంతో మొదలై, చివరిదాకా ఏదో ఒక వాయిద్యంలో తిరుగుతూనే ఉంటుంది. అందులో క్లారినెట్ల పరుగులు మీవాళ్ళకు ఈ ఏడాది అందవు. మూడో భాగం మార్చ్ మాత్రం పట్టొచ్చు. మొదట్లో పనంతా బ్రాస్‌దే, అంటే ఇత్తడి వాయిద్యాలదే. తర్వాత ట్రియో అనే మధ్య భాగంలో ఫ్లూటు, క్లారినెట్ లాంటి చెక్క వాయిద్యాలు ట్యూన్ అందుకుంటాయి.

నాగావళి_నోట్ (రాయగడ)

తాతగారూ, హోల్స్ట్ పార్ట్‌లు ఐఎమ్ఎస్ఎల్‌పీలో (పాత నోట్స్ ఉచితంగా దొరికే వెబ్‌సైట్) ఉన్నాయి, నేను దించుకున్నాను. కానీ పాత అచ్చులో ఫుల్ స్కోర్, అంటే అందరి పార్ట్‌లూ ఒకేచోట కనిపించేది, లేదు. రెండు మూడు వరసల్లో కుదించిన స్కోరే ఉంది. దాంతో రిహార్సల్ చేయించడం నరకం. థర్డ్ క్లారినెట్ ఏం వాయిస్తున్నాడో బ్యాండు నడిపించే కండక్టర్‌కు కనబడదు.

పాతబాజా (పర్లాకిమిడి)

నిజమే తల్లీ. ఆ రోజుల్లో బ్యాండ్‌మాస్టర్లందరూ కుదించిన స్కోర్‌తోనే నడిపేవారు. ఈ సూట్ అచ్చయింది 1921లో. ఫుల్ స్కోర్ వచ్చేసరికి 1948. అది కావాలంటే కొనుక్కోవాలి, లేదా పార్ట్‌లన్నీ కంప్యూటర్లో ఎక్కించి మనమే తయారు చేసుకోవాలి.

వంశధార_బాజా (గుణుపురం)

మా ఇంట్లో మూడు తరాలుగా పెళ్ళి బ్యాండే. మా దగ్గర నోట్స్ అంటే సరిగమలు రాసుకున్న నోటుబుక్కు. కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో. ట్రంపెట్ కుర్రాడు స్వరం కింద 1-2, 1-3 అని వాల్వు నంబర్లు వేసుకుంటాడు. సీజన్లో కొత్త సినిమా పాట రాత్రి విని పొద్దున్నే ఊరేగింపులో వాయించేస్తాం. స్టాఫ్ అని కూర్చుంటే సీజను దాటిపోతుంది. ఏటి లాభం?

నాగావళి_నోట్ (రాయగడ)

అన్నా, ఒక్క ట్యూన్ అందరూ వాయించడానికి సరిగమ చాలు. మీ స్పీడు మాకు రాదు, అది ఒప్పుకుంటాను. కానీ ట్రంపెట్ నాలుగు దెబ్బలు పట్టుకుని ఉండగా హార్న్ రెండో దెబ్బ మీద వచ్చి, ట్రాంబోన్ మూడున్నరకు మారాలంటే నోటుబుక్కులో ఎలా రాస్తారు? నలుగురికి నాలుగు లెక్కలు ఉన్నప్పుడే స్టాఫ్ అవసరం. రుషికుల్య గారి ఇబ్బంది కూడా అదే కదా, అందరూ ఒకే ట్యూన్ అంటున్నారు.

వంశధార_బాజా (గుణుపురం)

ఆ లెక్కకు నిజమే. మా వాళ్ళకు తోచినట్టు కింద స్వరం పట్టుకుంటారు, కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు గోల.

శ్రుతిపెట్టె (బరంపురం)

నేను గాత్రం నేర్పుతాను, బ్యాండుతో పరిచయం లేదు. కానీ మీ సమస్యకు రెండు వందల ఏళ్ళ క్రితమే ఒకాయన జవాబు చెప్పి ఉంచారనిపిస్తోంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు కోటలోని ఇంగ్లీషు బ్యాండ్లు వాయించే ట్యూన్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటాం. ‘సంతతం పాహిమాం’ అంటే ఇంగ్లండు రాజు గీతం ట్యూనే. ‘శ్యామలే మీనాక్షి’ మన పిల్లలు బళ్ళో పాడే ట్వింకిల్ ట్వింకిల్ ట్యూన్. అన్నీ శంకరాభరణం, అంటే మీ మేజర్ స్కేల్. గమకాలు లేవు. తాళం మూడు దెబ్బలో నాలుగు దెబ్బలో. బ్యాండు నుంచి వచ్చినవి తిరిగి బ్యాండుకే ఇస్తే ఎంత బావుంటుంది! సుబ్బరామ దీక్షితులు 20వ శతాబ్దం మొదట్లో తెలుగు లిపిలో అచ్చు వేయించిన పుస్తకాల్లో స్వరాలు దొరుకుతాయి. హక్కుల గొడవా లేదు.

ఒక్క మాట. తోడి, కాంభోజి లాంటి రాగాలు ట్రంపెట్ల గుంపుకు ఇవ్వకండి. స్వరాలు కరెక్టుగానే పడతాయి, రాగం మాత్రం పలకదు.

రుషికుల్య (బరంపురం)

అమ్మా, ఇది నా బుర్రకు తట్టనే లేదు. మా ఊళ్ళో తెలుగువాళ్ళకీ ఒడియావాళ్ళకీ గుళ్ళో పరిచయమైన సాహిత్యం, పిల్లలకు తెలిసిన ట్యూన్. అన్నమయ్య కీర్తనలు కూడా రెండు వేసుకోవచ్చా?

నాగావళి_నోట్ (రాయగడ)

అక్కడ జాగ్రత్త. సాహిత్యం అన్నమయ్యదే (1408–1503), రాగిరేకుల్లో రాగం పేరు కూడా ఉంది. కానీ స్వరాలు లేవు. ఈ రోజు మనం వినే ట్యూన్లలో చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ట్యూను కట్టినవాళ్ళకు హక్కు ఉంటుంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం కర్త బతికినంత కాలం, పోయాక 60 ఏళ్ళు.

హోల్స్ట్ 1934లో పోయారు కాబట్టి బాధ లేదు. వాన్ విలియమ్స్ అనే ఇంకో ఇంగ్లీషు స్వరకర్త 1958లో పోయారు. ఆయన 1923లో బ్యాండుకు రాసిన ఇంగ్లిష్ ఫోక్ సాంగ్ సూట్ మన దేశంలో 2019 నుంచి అందరిదీ. బ్యాండుకు రాసిన మరో స్వరకర్త గ్రెయింజర్ 1961లో పోయారు కాబట్టి ఆయనవి 2022 నుంచి. ఐరోపాలో గడువు 70 ఏళ్ళు, అక్కడి లెక్క వేరు. ఐఎమ్ఎస్ఎల్‌పీలో ఫైలు పక్కన ఉండే దేశాల గుర్తులు ఇందుకే. ఇంకోటి, పాత రచనకు ఈ మధ్య ఎవరైనా కొత్త ఎడిషన్ తయారు చేస్తే ఆ ఎడిషన్‌కు హక్కు విడిగా ఉండొచ్చు. పాత అచ్చు స్కానే వాడండి.

కొరాపుట్_కాఫీ (జయపురం)

మరి పెళ్ళి బ్యాండ్లు ఇన్నేళ్ళుగా సినిమా పాటలు వాయిస్తున్నాయి కదా, ఎవరు అడిగారు?

నాగావళి_నోట్ (రాయగడ)

అడగరు, ఎందుకంటే చట్టంలోనే మినహాయింపు ఉంది. సెక్షన్ 52లో మతపరమైన వేడుకలు, ప్రభుత్వ వేడుకల్లో వాయించడం ఉల్లంఘన కాదని ఉంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు కూడా అందులోకే వస్తాయని వివరణ ఇచ్చారు. ఔత్సాహిక సంఘాలు టికెట్ లేకుండా వాయించినా మినహాయింపే. రుషికుల్య గారు టికెట్ పెడితే మాత్రం సినిమా పాటలకు లైసెన్స్ తీసుకోవాలి. ఇదంతా వాయించడం గురించే. ఎవరో అమ్ముతున్న అరేంజ్‌మెంట్‌ను జిరాక్స్ తీసి పంచుకోవడానికి ఈ మినహాయింపు వర్తించదు.

రుషికుల్య (బరంపురం)

టికెట్ లేదు. హాలు అద్దె ఇద్దరు దుకాణదారులు ఇస్తామన్నారు.

మహేంద్రగిరి (గజపతి జిల్లా)

మా చర్చి క్వయర్‌కు నేను ఆర్మోనియం వాయిస్తాను. ఒక సలహా. కీర్తనల పుస్తకంలో నాలుగు గొంతుల హిమ్ ట్యూన్లు ఉంటాయి కదా, అవే రెడీమేడ్ బ్యాండు పార్ట్‌లు. పై గొంతు ఫ్లూటుకు, ఫస్ట్ క్లారినెట్, ట్రంపెట్లకు. రెండోది సెకండ్ క్లారినెట్, ఆల్టో శాక్స్‌కు. మూడోది ఈ ఫ్లాట్ హార్నులకు, పై ట్రాంబోన్‌కు. కింది గొంతు యుఫోనియం, ట్యూబాలకు. కచేరీలో వాయించకపోయినా రోజూ రిహార్సల్ మొదట్లో ఒకటి మెల్లగా ఊదించండి. పక్కవాడి స్వరం వినడం అలవాటవుతుంది.

‘అబైడ్ విత్ మీ’ పాడే ఈవెన్‌టైడ్ ట్యూన్ అయితే ఈ ఫ్లాట్‌లోనే ఉంటుంది, బ్యాండుకు చేతికి అందే శ్రుతి. ఢిల్లీ బీటింగ్ రిట్రీట్‌లో ఎన్నో ఏళ్ళు వాయించారు, 2022 నుంచి తీసేశారు. మా జిల్లాలో మాత్రం అది వినని ఊరు తక్కువ.

పాతబాజా (పర్లాకిమిడి)

ఆ ట్యూన్ జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో విన్నవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. తీసేయడం నాకు నచ్చలేదు. సరే, ఆ చర్చ ఇక్కడ వద్దు.

ఇప్పుడు లేని వాయిద్యాల సంగతి. ఇది రాసుకోండి.

ఓబో పార్ట్ ఫ్లూటుకు ఇచ్చేయండి, మార్చక్కర్లేదు. బసూన్ పార్ట్ యుఫోనియం లేదా ట్రాంబోన్ ఉన్నదున్నట్టు చదువుకోవచ్చు, మరీ గెంతులుంటే సర్దుకోవాలి. ఎఫ్‌లో రాసిన ఫ్రెంచ్ హార్న్ పార్ట్‌ను ఒక పూర్తి స్వరం పైకి ఎత్తి రాస్తే మీ ఈ ఫ్లాట్ హార్న్‌కు సరిపోతుంది. అదే కాగితం ఆల్టో శాక్స్‌కూ పనిచేస్తుంది. పాత మార్చ్ సెట్లలో ఈ ఫ్లాట్ హార్న్ పార్ట్‌లు విడిగా ఉంటాయి, ముందు అవి వెతకండి. టెనర్ శాక్స్ పార్ట్, ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాలకు గీతల మొదట్లో వేసే గుర్తు) రాసిన యుఫోనియం పార్ట్ రెండూ ఒకే స్థాయిలో పలుకుతాయి. ఒకటి లేకపోతే రెండోది.

ఫౌజులో మాకు ఒక చిట్కా నేర్పేవారు. ట్రెబుల్ మాత్రమే వచ్చిన ఈ ఫ్లాట్ బేస్ (ట్యూబా) వాడికి మామూలు బేస్ క్లెఫ్ (కింది స్వరాల గుర్తు) పార్ట్ ఇచ్చి, దాన్నే ట్రెబుల్ అనుకుని చదవమనేవారు. మొదట్లో ఉన్న ఫ్లాట్లలో (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తులు) మూడు తగ్గించుకోవాలి, లేకపోతే మూడు షార్ప్‌లు (అర మెట్టు పెంచేవి) కలుపుకోవాలి. మధ్యలో వచ్చే షార్ప్, ఫ్లాట్ గుర్తుల దగ్గర కొంచెం తిప్పలు పడతారు.

శ్రుతిపెట్టె (బరంపురం)

నొట్టుస్వరాలు ఏ శ్రుతిలో పెట్టాలి? నేను పిల్లలకు ఒకటి శ్రుతిలో చెబుతాను.

నాగావళి_నోట్ (రాయగడ)

టీచర్ గారూ, ఒకటి శ్రుతి అంటే సీ. అక్కడ పెడితే క్లారినెట్, ట్రంపెట్లకు రెండు షార్ప్‌లు, ఆల్టో శాక్స్‌కు మూడు పడతాయి. ఆరున్నర అంటే బీ ఫ్లాట్‌లో పెడితే క్లారినెట్‌కు ఒక్క గుర్తూ ఉండదు, ఆల్టో, హార్నులకు ఒక్క షార్ప్. రెండున్నర కూడా హాయిగానే ఉంటుంది. నేను మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కిస్తాను, ఉచితం కాబట్టి మీ ఇంట్లో కూడా తెరిచి చూడొచ్చు. మీరు సరిగమలు ఫొటో తీసి పంపండి. కాన్సర్ట్ పిచ్ అనే బటన్ నొక్కితే అసలు శ్రుతిలో కనిపిస్తుంది, తీసేస్తే ఎవరి వాయిద్యానికి తగ్గట్టు వాళ్ళకు మారిపోతుంది.

క్లారినెట్‌లో స్టాఫ్ మధ్య ఏ నుంచి బీకి దాటే చోట కొత్తవాళ్ళకు కీచుమంటుంది. కాబట్టి సెకండ్ క్లారినెట్ పార్ట్ దానికి కిందే ఉండేలా రాస్తాను. ట్రంపెట్లకు మధ్యమధ్యలో నాలుగేసి బార్లు ఖాళీ ఇస్తాను.

పాతబాజా (పర్లాకిమిడి)

నాలుగు చాలవు. ఒక చరణం మొత్తం క్లారినెట్లకు ఇచ్చి ట్రంపెట్లను కూర్చోబెట్టు. గంట కచేరీలో పెదవి పోయేది అందరికంటే ముందు వాళ్ళకే. ఊరేగింపులో జనం గోలలో తప్పు స్వరం కలిసిపోతుంది, హాలు దాన్ని నిలబెట్టి చూపిస్తుంది.

కొరాపుట్_కాఫీ (జయపురం)

అంతా బాగుంది, ఒడియా పాట ఏదీ? బరంపురంలో కచేరీ పెట్టి ఒడియా ముక్క లేకపోతే మర్నాడు మాటొస్తుంది.

శ్రుతిపెట్టె (బరంపురం)

కవిసూర్య బలదేవ రథ్ ఉన్నారుగా, మన గంజాం వైపు కవి. కిశోరచంద్రానన చంపూలో క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో పాట. మా ఊళ్ళో చదువుకున్న ఒడియా ఇంటివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒకటి ఎంచి క్లారినెట్ ఒక్కదానికే ఇవ్వండి, అది గమకం పలికించగలదు. వెనక ట్రాంబోన్లు, యుఫోనియం స-ప పట్టుకుని ఉంటే చాలు. డ్రమ్ వద్దు. ఒడిస్సీ సంగీతం తెలిసినవారిని పిలిచి పాడించుకుని, ఆ పాఠమే రాసుకోండి.

‘బందే ఉత్కళ జననీ’ 2020 నుంచి రాష్ట్ర గీతం కాబట్టి అదెలాగూ ఉండాలి.

మహేంద్రగిరి (గజపతి జిల్లా)

దాన్ని మొదట్లో పెట్టండి, జనగణమన చివర్న.

పాతబాజా (పర్లాకిమిడి)

జనగణమన బ్యాండు వాయిస్తే ముందు డ్రమ్ రోల్ ఉండాలి. హోం శాఖ ఉత్తర్వుల్లో ఉంది. స్లో మార్చ్‌లో ఏడు అడుగులంత సేపు, సన్నగా మొదలై పెద్దదై మళ్ళీ సన్నగిల్లాలి, ఏడో దెబ్బ దాకా వినపడాలి. తర్వాత ఒక దెబ్బ ఖాళీ, అప్పుడు గీతం. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. మీ సైడ్ డ్రమ్ కుర్రాడితో ఈ రోల్ ఒక్కటే వారం రోజులు వాయింపించండి. చాలాచోట్ల రోల్ అయిపోయిందో లేదో తెలియక సగం బ్యాండు ముందే లేస్తుంది.

హోల్స్ట్ సెకండ్ సూట్‌లో కమ్మరి పాట ఒకటి ఉంది, అందులో దాగలి మీద సుత్తి దెబ్బ పార్ట్ రాశాడు. వచ్చే ఏడాదికి అనుకోండి. దాగలి కొనక్కర్లేదు. పాత రైలు పట్టా ముక్క గంటగా వేలాడదీసిన బడి మన వైపు ఎక్కడో ఒకచోట ఉంటుంది, అడిగి తెచ్చుకోవచ్చు.

రుషికుల్య (బరంపురం)

అందరికీ నమస్కారాలు. నిన్న పిల్లలతో కూర్చున్నాను. ఇప్పటికి అనుకున్నది: మొదట బందే ఉత్కళ జననీ. తర్వాత హోల్స్ట్ మార్చ్ ప్రయత్నిస్తాం, కుదరకపోతే గ్రేడ్ 2 ఫ్లెక్స్ మార్చ్ ఒకటి కొంటాం. నొట్టుస్వరాలు మూడు, మధ్యలో ఆపకుండా ఒకదాని వెంట ఒకటి. చంపూ పాట క్లారినెట్‌తో. ఈవెన్‌టైడ్. ఇంటర్వెల్ లేదు గానీ ఐదు నిమిషాలు పెద్దాయన ఒకరు మాట్లాడతారు, ట్రంపెట్ వాళ్ళ పెదవులకు విశ్రాంతి. ఆ తర్వాత కాఫీ తమ్ముడి కోసం పాత సినిమా పాటలు నాలుగు, రెండు తెలుగు, రెండు ఒడియా, ఈసారి గుంపుగా కాకుండా పార్ట్‌లు విడదీసి. చివర జనగణమన.

సినిమా పాటల పార్ట్‌లు ఎవరు రాస్తారన్నదే మిగిలింది.

కొరాపుట్_కాఫీ (జయపురం)

నాలుగే? సర్లే. ముందు వరసలో నాకో కుర్చీ ఉంచండి.

వంశధార_బాజా (గుణుపురం)

పాటలు నేను చెబుతాను, చెల్లెమ్మ రాసిపెడితే. ట్యూను, మధ్యలో వచ్చే బిట్లు, ఎక్కడ ఆపితే జనం చప్పట్లు కొడతారో అదంతా నా దగ్గరుంది. ఆమె కింది పార్ట్‌లు కట్టుకోవచ్చు. ఇంకోటి, మా బేస్ వాయించే మావయ్య కూడా వస్తానంటున్నాడు. మీకు ఒక్క ట్యూబాయే ఉంది కదా.

రుషికుల్య (బరంపురం)

రమ్మనండి, భోజనం మాదే.

నాగావళి_నోట్ (రాయగడ)

అన్నా, పాటలు ఫోన్లో మెల్లగా పాడి పంపండి, వాయించి కాదు. వాయిస్తే మీ చేతివాటం విరుపులు కూడా రాసేస్తాను. మావయ్యగారు ట్రెబుల్ చదువుతారా, బేస్ క్లెఫా?

వంశధార_బాజా (గుణుపురం)

ట్రెబుల్ తప్ప ఇంకోటి తెలీదు.

నాగావళి_నోట్ (రాయగడ)

సరే, ట్రెబుల్‌లోనే రాస్తాను, తాతగారి చిట్కాతో తిప్పలు పెట్టను. ఆయన బేస్ ఈ ఫ్లాటా, బీ ఫ్లాటా? అది ఒక్కటీ కనుక్కుని చెప్పండి.

వంశధార_బాజా (గుణుపురం)

మీరట్ జలీ కోఠీ వాయిద్యాల బజార్లో కొన్నది, ఈ ఫ్లాట్ అని గొట్టం మీదే కొట్టి ఉంది.